మార్చి చలి, మోటారుసైకిలు, ఒక వానకోటు

శివరాత్రికి చలి శివశివా అనుకుంటూ పోతుందని సామెత. ఈ సామెత పుట్టించిన పెద్దమనిషి ఎవరోగానీ, ఆయన మాత్రం తెల్లవారుజామున మోటారుసైకిలు ఎక్కి ఉండడు. నడిచి వెళ్ళేవాడిని వదిలేసిన చలి, ఎడ్లబండి మీద వెళ్ళేవాడిని వదిలేసిన చలి, బండి మీద నలభై స్పీడులో వెళ్ళేవాడిని మాత్రం ఉగాది దాకా వదలదు. "మార్చిలో చలేంట్రా బాబూ, మేం ఫ్యాన్లు వేసుకుని పడుకుంటున్నాం" అని మీరు నవ్వొచ్చు. నవ్వండి. నేనూ రాత్రి ఫ్యాను వేసుకునే పడుకుంటాను. తెల్లారి ఐదూ నలభైకి మాత్రం వానకోటు తొడుక్కుని బయల్దేరతాను. ఆకాశంలో మబ్బు తునక కూడా ఉండదు.

ఆ టైముకి నాకు రోడ్డు మీద ఏం పనో ముందు చెప్పాలి. మాది భావనపాడు. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో సముద్రం ఒడ్డున ఉంటుంది. 2020లో కోవిడ్ పుణ్యమా అని అందరిలాగే ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఊరొచ్చాను. అందరిలాగా తిరిగి వెళ్ళలేదు, అంతే తేడా. ఇంట్లో నెట్ ఉంది, సినిమాలకి బ్రహ్మాండంగా సరిపోతుంది. కానీ అవతల పదిమంది ఎదురుచూస్తుండగా ప్రొడక్షన్‌లో ఏదో కాలిపోతున్నప్పుడు మన గొంతు రోబోలా వినపడితే బాగోదు కదా. అందుకని టెక్కలిలో ఇన్వర్టరూ, రెండు నెట్ కనెక్షన్లూ పెట్టుకుని ఒక గది అద్దెకి తీసుకున్నాను. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేస్తాను. నౌపడ మీదుగా వెళ్తే ఎంత నిదానంగా నడిపినా నలభై నిమిషాలు.

కాలిఫోర్నియా వాళ్ళతో రోజూ మాట్లాడే కాల్ వాళ్ళకి సాయంత్రం ఆరింటికి. చలికాలమంతా అది మనకి ఉదయం ఏడున్నర. మార్చి రెండో ఆదివారం వాళ్ళు గడియారాలు గంట ముందుకి తిప్పుకుంటారు (2007 నుంచీ అదే తారీకు పద్ధతి). ఆ సోమవారం వాళ్ళ సాయంత్రం ఆరు కాస్తా మనకి మంగళవారం ఉదయం ఆరున్నర అవుతుంది. ఈ లైను చదువుతూ తలూపుతున్న వాళ్ళు మీలో చాలామంది ఉంటారని నాకు తెలుసు :) వాళ్ళు పగటి వెలుగు ఆదా చేసుకుంటారు, మనం తెల్లవారుజాము చలి కొనుక్కుంటాం. మార్చి మధ్యలో మా దగ్గర సూర్యోదయం ఆరింటి ప్రాంతంలో. రోజు మొత్తంలో బాగా చల్లగా ఉండేది సరిగ్గా సూర్యుడు వచ్చే ముందు. రాత్రంతా నేల వేడిని ఆకాశానికి వదిలేసుకుంటూనే ఉంటుంది, మళ్ళీ ఎండ పడేదాకా ఆ ఖర్చే తప్ప జమ ఉండదు. ఫిబ్రవరిలో ఆరూ నలభైకి, ఎండలో బయల్దేరినవాడిని మార్చిలో ఐదూ నలభైకి, చీకట్లో బయల్దేరాలి. క్యాలెండరు ప్రకారం ఎండలు ముదురుతుంటే నా ప్రయాణం మాత్రం చలిలోకి వెనక్కి జరుగుతుంది.

ఇందులో ఇంకో మోసం ఉంది. ఇల్లు సముద్రం పక్కన కాబట్టి గుమ్మంలో నిలబడి "ఆఁ, ఏం చలి, పర్లేదు" అనిపిస్తుంది. నిజంగానే పర్లేదు. సముద్రం నీరు నేల లాగా రాత్రికి రాత్రి చల్లబడదు, ఒడ్డునున్న ఊళ్ళని కాస్త వెచ్చగా ఉంచుతుంది. బండి ఊరు దాటి, బీల దాటి, నౌపడ ఉప్పుమళ్ళు దాటి లోపలికి వెళ్తున్నకొద్దీ తేడా తెలుస్తుంది. కోసేసిన వరిచేలు, ఖాళీ నేల, పైన మబ్బులేని ఆకాశం. పల్లం వచ్చినచోట చల్లటి గాలి నీళ్ళలాగా మడుగు కట్టి ఉంటుంది. మీకెప్పుడైనా అనుభవమయ్యే ఉంటుంది, రోడ్డు దిగువకి దిగగానే ఎవరో ఫ్రిజ్ తలుపు తీసినట్టు ఉంటుంది. పైగా ఆ వేళకి గాలి భూమి మీంచి సముద్రం వైపు వీస్తుంది, అంటే నాకు ఎదురుగాలి. ఇంటి దగ్గర చలిని చూసి బట్టలు వేసుకుంటే దారి మధ్యలో దొరికిపోతాం.

సరే, అసలు ఎంత చలి? ఫిబ్రవరిలో పద్దెనిమిదీ పంతొమ్మిదీ, మార్చిలో ఇరవై, ఇరవై రెండు డిగ్రీలు. ఇరవై డిగ్రీలంటే లండన్‌లో జనం చొక్కాలు విప్పి పార్కుల్లో పడుకుంటారు. ఒప్పుకుంటాను. కానీ వాళ్ళు పడుకుంటారు, మనం నలభై అయిదు స్పీడులో గాలిని చీల్చుకుంటూ పోతాం. ఒంటిని అంటిపెట్టుకుని పల్చటి వెచ్చటి గాలి పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే అదొక క్యాష్. కదలకుండా కూర్చుంటే ఆ క్యాష్ నిండి ఉంటుంది, చలి తెలీదు. బండి మీద ప్రతి క్షణం క్యాష్ ఖాళీ అయిపోతుంటే, శరీరం మళ్ళీ మళ్ళీ మొదట్నించి వేడి చేస్తూ కూర్చోవాలి. నలభై నిమిషాలు. 

ఈ లెక్క మొదట తీసినవాళ్ళు సిపుల్, పాసెల్ అనే ఇద్దరు అమెరికన్లు. అంటార్కిటికాలో ఒక ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు పోసి, ఏ గాలికి ఎంతసేపట్లో గడ్డకడతాయో చూసి 1945లో ప్రచురించారు. ఇప్పుడు అమెరికా, కెనడాలు వాడే సూత్రం 2001లో సవరించినది. దాని ప్రకారం 10 డిగ్రీల చలిలో గంటకి 40 కిలోమీటర్ల గాలి తగిలితే మొహానికి 6 డిగ్రీల్లా అనిపిస్తుంది. 5 డిగ్రీలైతే సున్నా కంటే కిందకి పోతుంది. లంబసింగికి తెల్లవారుజామున బండి మీద వెళ్ళొచ్చిన కుర్రాళ్ళు దీనికి సాక్ష్యం చెప్తారు. ఈ సూత్రాన్ని 10 డిగ్రీల పైన వాడకూడదు కాబట్టి మా ఊరికి అంకె వేసి చెప్పలేను. అంకె లేకపోయినా వేళ్ళు చెప్తాయి.

దీనికి తోడు మంచు. మా వైపు మంచు అంటే హిమాలయాల్లో పడేది కాదు, తెల్లారగట్ల పొగలా పట్టేది, గడ్డిమీద తడిగా కూర్చునేది. ఆ తడి తొడల మీద జీన్స్‌లోకి దిగుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరవ్వాలంటే సుమారు 2,400 జూళ్ళు కావాలి. మీ ప్యాంటులో ఓ యాభై గ్రాముల తడి ఉండి అది దారిలో ఆరిందనుకోండి, నలభై నిమిషాలకి లెక్కేస్తే యాభై వాట్లు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో పుట్టే వేడి మొత్తం వంద వాట్ల చిల్లర. ఆ యాభై వాట్లలో కొంత చుట్టూ ఉన్న గాలి ఇస్తుంది లెండి, మొత్తం మనమే కట్టక్కర్లేదు. అయినా దండగే. జీన్స్ తడిస్తే ఆరదు, ఆరేటప్పుడు చంపుతుంది.

మరి జనం ఏం వేసుకుంటున్నారు? చాలామంది ఏమీ వేసుకోరు. "మగాడికి చలేంటి" బ్యాచి ఒకటి. రెండోది స్వెట్టర్ బ్యాచి. చలికాలంలో మన పట్నాల్లో టిబెటన్లు రోడ్డు పక్కన స్వెట్టర్లు అమ్ముతారు చూడండి, వాళ్ళు ఎక్కణ్ణుంచో వస్తారనుకుంటాం గానీ మాకు పొరుగునే వాళ్ళ ఊళ్ళున్నాయి. సరిహద్దు దాటితే ఒడిశా గజపతి జిల్లా, అక్కడ చంద్రగిరి దగ్గర 1963 నుంచీ టిబెటన్ శరణార్థుల ఆవాసం ఉంది. ఆ స్వెట్టర్లు మంచివే. ఇంట్లో కూర్చోడానికి, అరుగు మీద కాఫీ తాగడానికి అంతకంటే మంచివి లేవు. బండి మీదకి మాత్రం పనికిరావు, ఎందుకంటే స్వెట్టరంటే జల్లెడ. గాలి ముందు నుంచి దూరి వీపు మీంచి వెళ్ళిపోతుంది. హైదరాబాదులో ఈ విషయం ఎవరికీ తెలియకపోవడానికి కారణం అక్కడి ట్రాఫిక్కు. బండి ముప్ఫై దాటితే కదా గాలి తగిలేది!

నాకు గురువు మా ఊరి చేపల మావ. హార్బరు దగ్గర చేపలు కొని, టీవీయస్ ఎక్సెల్ వెనక ఐసు పెట్టె కట్టుకుని, చీకటితోనే ఊళ్ళ మీదకి బయల్దేరతాడు. నాకు ముందు ఎదురుగాలి ఒక్కటే, ఆయనకి వెనక నడుముకి ఐసు నీళ్ళు కూడా. ఫిబ్రవరి నెలలో, చుక్క వాన లేని పూట, ఆయన పైనా కిందా వానకోటు తొడుక్కుని ఉండటం చూసి ఒకరోజు అడిగేశాను.

"వాన లేదు కదా మావా, ఈ కోటేంటి?"

"వాన్నేదు బావూ, గాలుంది కదా! స్వెట్రేసుకుంతే గాలి ఇటునుంచెల్లి అటునుంచి పోద్ది. ఈ పలాస్టీకేస్తే ఆగిపోద్ది."

అంతే. మొత్తం థియరీ రెండు వాక్యాల్లో అయిపోయింది. అది విన్నాక బ్రాండెడ్ రైడింగ్ జాకెట్ల మీద నేను చదివిన రివ్యూలన్నీ గుర్తొచ్చాయి, నవ్వొచ్చింది. మావ హ్యాండిలుకి రెండు వైపులా అయిదు లీటర్ల నూనె డబ్బాని అడ్డంగా కోసి కట్టాడు. వేళ్ళకి గాలి తగలకుండా. దాన్ని ఎవరైనా నల్లరంగు వేసి అమెజాన్‌లో పెడితే మనమే రెండువేలు పెట్టి కొంటాం.

మావ చెప్పినది పక్షులకీ తెలుసు. దారికి దగ్గర్లోనే తేలినీలాపురం. ఏటా చలికాలానికి గూడబాతులూ, రంగురంగుల కొంగలూ వచ్చి చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. (సైబీరియా నుంచి వస్తాయని మావాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. మచ్చల ముక్కు గూడబాతు అచ్చంగా మన దక్షిణాసియా పిట్టే, దానికి పాస్‌పోర్టు అక్కర్లేదు.) పిట్ట ఒంటి మీద లోపల మెత్తటి నూగు ఉంటుంది, గాలిని పట్టి ఉంచుతుంది. పైన ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గట్టి ఈకలు, అవి గాలినీ నీటినీ ఆపుతాయి. లోపల వదులు, పైన బిగువు. ఈ వరస తిరగేస్తే పని చెయ్యదు. స్వెట్టర్ లోపల, వానకోటు పైన. మార్చికి స్వెట్టర్ కూడా అక్కర్లేదు, పూర్తి చేతుల బనీను మీద చొక్కా, దాని మీద పల్చటి వానకోటు చాలు. 

వానకోటు లేకపోతే పేపరు. మా నాన్నగారి తరంలో రాజ్‌దూత్‌లూ, లూనాలూ నడిపినవాళ్ళు చొక్కా లోపల ఛాతీ మీద నిన్నటి పేపరు పెట్టుకునేవారు. వెటకారం చెయ్యకండి, టూర్ ద ఫ్రాన్స్‌లో కొండెక్కిన సైకిలు వీరులు దిగే ముందు జెర్సీలో దూర్చుకునేది కూడా ఆ పేపరే.

ఇంతసేపూ ఛాతీ గురించి చెప్పాను గానీ, ప్రాణం మీదకి తెచ్చేవి వేళ్ళు. ఒళ్ళు చల్లబడితే శరీరం ముందుగా చేతులకీ కాళ్ళకీ రక్తం తగ్గిస్తుంది, లోపలి అవయవాలు దానికి ముఖ్యం కాబట్టి. అందుకే ఎంత మంచి గ్లవ్స్ వేసినా ఛాతీకి గాలి తగులుతుంటే వేళ్ళు కొయ్యబారతాయి. కొయ్యబారిన వేళ్ళు బ్రేకు పట్టుకోవడానికి అరక్షణం ఆలస్యం చేస్తే, యాభై స్పీడులో బండి ఏడు మీటర్లు ముందుకెళ్తుంది. మా రోడ్డు మీద ఏడు మీటర్లంటే గేదె, లేదా లారీ. 2023 ఏప్రిల్‌లో మూలపేట పోర్టుకి శంకుస్థాపన అయింది (మొదట్లో మా ఊరి పేరే ఉండేది, తర్వాత మారింది, అది వేరే కథ). ఆ పనులు మొదలయ్యాక రాళ్ళ లారీలు మాకు కొత్తగా పరిచయమయ్యాయి. గ్లవ్స్ విషయంలో నా సలహా ఒక్కటే. వేసుకుని బ్రేకు, క్లచ్చి, ఇండికేటరు మూడూ ఆపరేట్ చేసి చూడండి. వెచ్చగా ఉండి స్విచ్చి తెలియని గ్లవ్స్ కంటే పల్చటి తోలు గ్లవ్స్ నయం. 

మంకీ క్యాపు మీద నాకు చాలా కోపం ఉంది. చలని చెప్పి మంకీ క్యాపు పెట్టుకుని, అది పెట్టుకున్నాం కదా అని హెల్మెట్ ఇంట్లో వదిలేసేవాళ్ళని రోజూ పదిమందిని చూస్తాను. అసలు తలకి హెల్మెట్‌ని మించిన వెచ్చటి టోపీ ఉందా? లోపల స్పాంజి, పైన గాలి చొరబడని డిప్ప. చేపల మావ సూత్రమే. రెంటినీ కలిపి పెట్టుకునే వాళ్ళది ఇంకో రకం ప్రమాదం. లావు ఉన్ని టోపీ మీద హెల్మెట్ సరిగ్గా కూర్చోదు, పడినప్పుడు తలని వదిలేసి తన దారిన తాను పోతుంది. చెవులకి చలైతే పల్చటి గుడ్డ టోపీ చాలు. అద్దం మీద ఆవిరి పడితే ఒక్క మెట్టు తెరిచి నడపండి. 

మఫ్లరు, చున్నీ, తువ్వాలు మెడకి చుట్టేవాళ్ళు కొసలు కోటులోకి దోపాలి. ఇసడోరా డంకన్ అనే పేరున్న నర్తకి 1927లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో, తన మెడకున్న పొడవాటి స్కార్ఫ్ కారు చక్రంలో చిక్కుకుని చనిపోయింది. మన బళ్ళకి వెనక చక్రం పక్కన జాలీ ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లో ఉన్నది అలాంటివి జరక్కుండానే. కొత్త బండి కొనగానే అందం చెడిందని ఆ జాలీని పీకించే కుర్రాళ్ళకి ఏం చెప్పాలో నాకు తెలీదు.

"ఇదంతా వేసుకుని వెళ్తే మధ్యాహ్నం ముప్ఫై నాలుగు డిగ్రీల్లో ఎక్కడ పెట్టుకోవాలి?" న్యాయమైన ప్రశ్న. చలికి అసలు సమస్య ఇదే. జనం వేసుకోకపోవడానికి పొగరు కన్నా తిరుగు ప్రయాణంలో మోత అనే బెంగ ఎక్కువ. తోలు జాకెట్ కొన్న నా స్నేహితుడు దాన్ని మధ్యాహ్నం ట్యాంకు మీద పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టుకుని వస్తుంటాడు. వానకోటు అయితే మడిచి ల్యాప్‌టాప్ బ్యాగులో దూర్చేయొచ్చు. చెమట పడుతుందంటారా? పడుతుంది, బండి దిగి నడిస్తే. అందుకే దిగగానే విప్పెయ్యాలి. 

ఇప్పుడు నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే సంగతి. మార్చిలో పొద్దున్నే బయటపడేది నేనొక్కణ్ణే కాదు. మన రాష్ట్రంలో మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. ఎండ తగలకుండా పిల్లల్ని మధ్యాహ్నం పన్నెండున్నరకి వదిలేస్తారు, దానికోసం ఉదయం ఏడూ ముప్పావుకే మొదలెడతారు. ఎండ గురించి ఆలోచించి పెట్టిన టైమే, తప్పుపట్టను. కానీ ఊళ్ళలోంచి టెక్కలి చదువులకి వచ్చే పిల్లలు తయారై బండెక్కేది ఇంకా మంచు విడవని వేళ. ఎలా ఎక్కుతారు? పెద్దది వెనక, చిన్నాడు ముందు ట్యాంకు మీద. పల్చటి యూనిఫాం, పొట్టి చేతుల చొక్కా, నిక్కరు. తండ్రికి గాలి తగలదు, ఎందుకంటే ముందు కొడుకు అడ్డంగా కూర్చున్నాడు. కఠినంగా ఉన్నా అదే మాట, మనం పిల్లాణ్ణి అద్దంలా వాడుకుంటున్నాం. చిన్న ఒంటికి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, పెద్దాళ్ళకన్నా తొందరగా చల్లబడుతుంది. పైగా హఠాత్తుగా బ్రేకు వేస్తే ముందు హ్యాండిలుకి కొట్టుకునేదీ వాడే.

నాలుగేళ్ళ లోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే హెల్మెట్ పెట్టి, నడిపేవాళ్ళకి బెల్టుతో కట్టుకుని, నలభై స్పీడు దాటకూడదని కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిబంధన తెచ్చింది, మరుసటి ఏడాది నుంచి అమలన్నారు. మా దారిలో ఆ బెల్టు ఒక్కటి కూడా నా కంటపడలేదు.

వరసకి బావ అయ్యే అతను ఒకడు రోజూ కొడుకుని ఇలాగే తెస్తాడు. వాడికి ఐదేళ్ళు, ఒకటో తరగతి. ఒకరోజు కాల్ ముగిశాక టీ కొట్టు దగ్గర కనిపిస్తే ఉండబట్టలేక కదిపాను.

"గుంటడికి సలేటి బావా! ఆడు రేత్రి దుప్పటే కప్పుకోడు," అన్నాడు.

"దుప్పటి గదిలో కదా కప్పుకోనిది. నువ్వోసారి చొక్కా విప్పి ఈ బండి టెక్కలి దాకా నడుపు, తర్వాత మాట్లాడదాం," అన్నాను. కొట్లో ఉన్నవాళ్ళు నవ్వారు. వాడికి కోపం వచ్చిందనుకున్నాను. ఏం మాట్లాడకుండా టీ తాగి వెళ్ళిపోయాడు.

వారం తర్వాత నౌపడ దగ్గర నన్ను దాటుకుని వెళ్ళాడు. పిల్లాడు వెనక ఉన్నాడు, తండ్రి నడుముకి తువ్వాలుతో కట్టి. జూన్‌లో బడి తెరిచినప్పుడు కొన్న పచ్చటి వానకోటు తొడిగాడు, టోపీతో సహా. మెడ దాకా గుండీలు. ఎర్రగా పొద్దు పొడుస్తోంది, ఎక్కడా వాన జాడ లేదు, రోడ్డు పక్కన ఉప్పుమళ్ళలోకి పనికి వెళ్తున్న ఆడవాళ్ళు వాణ్ణి చూసి ఒకటే నవ్వు. హెల్మెట్ మాత్రం ఇంకా లేదు. దాని గురించి మళ్ళీ టీ కొట్టు దగ్గర చూసుకోవాలి. పిల్లాడు మాత్రం వెనక కూర్చుంటే ఏమీ కనపడట్లేదని, తనని మళ్ళీ ట్యాంకు మీద కూర్చోబెట్టమని దారిపొడవునా గొడవట.